కుసుమ మొగ్గలో కాపురం

(వికారాబాద్ జిల్లాలో రైతులు, డిగ్రీ విద్యార్థుల సమక్షంలో ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

పెద్దలకు, రైతు సోదరులకు, అక్కాచెల్లెళ్లకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ బల్ల మీద గాజు సీసా ఒకటి పెట్టాను, వెనక కూర్చున్నవాళ్లకు కనిపిస్తోందా? మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంది. పన్నెండు రోజుల కిందట ఇక్కడికి దగ్గర్లోనే ఒక చేలో కుసుమ మొగ్గలు కోసుకొచ్చి ఇందులో వేశాను. గుడ్డ ఇప్పుడు విప్పను. మాట్లాడటం అయ్యాక విప్పుదాం.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. బంతి పువ్వు అంటాం, చామంతి పువ్వు అంటాం, పొద్దుతిరుగుడు పువ్వు అంటాం. నిజానికి వాటిలో ఏదీ ఒక పువ్వు కాదు. పొద్దుతిరుగుడునే తీసుకోండి. చుట్టూ పసుపు రేకుల్లా కనిపించేవి ఒక్కొక్కటీ ఒక పువ్వు. మధ్యలో పళ్లెంలాంటి గోధుమరంగు భాగం ఉంటుంది చూశారా, అందులో వెయ్యికి పైగా చిన్న చిన్న గొట్టాల్లాంటి పువ్వులు ఉంటాయి. ప్రతి గొట్టం అడుగున ఒక్కటే గింజ కడుతుంది. అవన్నీ ఒక్కసారే విచ్చుకోవు. అంచు దగ్గర మొదలై వరసలు వరసలుగా లోపలికి విచ్చుకుంటూ పోతాయి, నడిమికి చేరేసరికి వారం పది రోజులు పడుతుంది. విద్యార్థులు దీన్ని శీర్షవత్ విన్యాసం అని చదువుకున్నారు. నేను మాత్రం ఊరు అంటాను. కింద మెత్తటి దళసరి పీఠం, దాని మీద గోడకు గోడ ఆనించి కట్టుకున్న ఇళ్లలా పువ్వులు, చుట్టూ ప్రహరీలా పచ్చటి పొలుసులు.

ఇలా పువ్వుల గుంపే ఒక తలగా ఉండే ఈ మొక్కల కుటుంబం చాలా పెద్దది. ప్రపంచంలో పూలు పూసే మొక్కల్లో దాదాపు పదోవంతు ఇందులోనివే. మన గట్ల మీద గడ్డి చామంతి, కాలువ పక్కన గుంటగలగర, అరకు కొండల్లో పసుపు పరిచే వలిసెలు, రోడ్డు పొడుగునా వయ్యారిభామ, మీ చేలల్లో కుసుమ, అన్నీ ఒకే కుటుంబం. వాటన్నిటికీ ఇదే రకం తల. వాటిలో చాలా తలల్లోపల ఎవరో ఒకరు కాపురం ఉంటారు.

పురుగు వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. ఆకు మీద బతికే పురుగును పిట్ట చూస్తుంది, ఎండ మాడుస్తుంది, వాన కడిగేస్తుంది. మొగ్గ లోపలికి చేరితే నాలుగు వైపులా గోడ, కాళ్ల కింద మెత్తటి పీఠం, నోటికందే దూరంలో పాలు పోసుకుంటున్న గింజలు. అయితే ఆ ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచి ఉండదు. మొగ్గ మరీ చిన్నదైతే లోపల తిండి ఉండదు. విచ్చుకుందంటే గింజ గట్టిపడటం మొదలవుతుంది. నడుమ ఉన్న కొద్ది రోజుల్లోనే గుడ్డు పెట్టాలి. అందుకే ఈ పురుగుల బతుకంతా ముహూర్తం చుట్టూ తిరుగుతుంది.

కుసుమ దగ్గరికి వద్దాం. మా నాయన జొన్న చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేసేవాడు. ముళ్లకు భయపడి పశువులు చేలోకి దిగేవి కావు. కోతలప్పుడు చేతులకు గుడ్డలు చుట్టుకునేవాళ్లం. అంత ముళ్ల మొక్క మీదకు ఏమాత్రం జంకు లేకుండా వచ్చే ఈగ ఒకటుంది. ఇంట్లో తిరిగే ఈగకన్నా చిన్నది, బూడిదరంగుది, రెక్కల మీద సన్నటి మచ్చలు ఉంటాయి. దీని శాస్త్రీయ నామం అకాంథియోఫిలస్ హీలియాంథీ. మొదటి మాటకు అర్థం ముళ్లంటే ఇష్టపడేది అని. రెండో మాట పొద్దుతిరుగుడుకు చెందినది అని చెబుతుంది కానీ, దీనికి అసలైన ఇల్లు కుసుమా, దాని ముళ్ల చుట్టాలూనూ. 1794లో ఇటలీ శాస్త్రజ్ఞుడు రోసీ దీన్ని మొదటిసారి వర్ణించాడు. యూరప్ నుంచి మన దేశం దాకా, కుసుమా దాని అడవి బంధువులూ ఉన్న చోటల్లా ఇది కనబడుతుంది.

ఆడ ఈగ పొట్ట చివర సూదిలాంటి గొట్టం ఉంటుంది. దూరదర్శిని గొట్టాల్లా ఒకదాంట్లో ఒకటి ఇమిడి, కావలసినప్పుడు పొడుగ్గా సాగుతుంది. మొగ్గ మీద వాలి, ముళ్ల పొలుసుల సందుల్లో వెతికి, ఆ గొట్టాన్ని లోపలికి దింపి సన్నటి తెల్లటి గుడ్లు పెడుతుంది. జర్మనీలో హెల్ముట్ జ్వోల్ఫర్ అనే శాస్త్రజ్ఞుడు ముళ్ల మొక్కల తలల్లో ఉండే పురుగుల మీద జీవితకాలం పనిచేశాడు. ఇలాంటి ఈగల గొట్టం పొడుగుకూ, అవి ఎంచుకునే మొగ్గ పరిమాణానికీ పొత్తు ఉంటుందని ఆ పరిశోధనల్లో తేలింది. పెద్ద మొగ్గకు పొడుగు గొట్టం, చిన్న మొగ్గకు పొట్టి గొట్టం. తాళానికి తాళంచెవి కుదిరినట్టు.

గుడ్డు పగిలి వచ్చిన పురుగుకు కాళ్లు ఉండవు, మనకు తెలిసేలా తల కూడా ఉండదు. తెల్లటి మెతుకులా ఉంటుంది. ముందు లేత పువ్వుల్ని తింటుంది, తర్వాత పీఠంలోకి దిగుతుంది. అది తొలిచిన చోట నీరు ఊరుతుంది, మొగ్గ కుళ్లుతుంది, వాసన వస్తుంది. ఇక్కడున్న రైతులకు ఆ వాసన తెలుసు. పట్టుకుంటే మెత్తగా దిగబడే మొగ్గ, సరిగ్గా విచ్చుకోని మొగ్గ, కొనలు నల్లబడిన మొగ్గ, ఇవీ దాని ఆనవాళ్లు. అక్కడే గోధుమరంగు ప్యూపాగా మారి, అక్కడినుంచే ఈగై బయటికి వస్తుంది. ఇదంతా రెండు మూడు వారాల పని. ఒక కుసుమ తలలో ఇరవై ముప్పై గింజలు కడితే గొప్ప. రెండు పురుగులు చేరాయంటే మిగిలేది తాలే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి మొగ్గల్ని తెచ్చి ఇలాంటి సీసాలోనే వేశాను. ఈగ ఎప్పుడు వస్తుందా అని రోజూ పొద్దున్నే చూసేవాణ్ణి. తొమ్మిదో రోజో పదో రోజో గుడ్డ కింద ఏవో కదిలాయి. ఈగలు కావు. చీమ తలంత కూడా లేవు. ఒళ్లంతా ఆకుపచ్చ లోహపు మెరుపు, బంగారుపురుగు వీపు మీద ఉంటుందే అలాంటి మెరుపు. భూతద్దం కింద పెడితే నాలుగు రెక్కలు, విరిచినట్టున్న మీసాలు కనిపించాయి. అవి కందిరీగలకు దూరపు చుట్టాలు. తల్లి కందిరీగ మొగ్గ గోడలోంచి తన సూది దింపి, లోపల ఉన్న ఈగ పురుగు మీద గుడ్డు పెడుతుంది. మొగ్గను ఈగ పురుగు తింటుంది, ఈగ పురుగును కందిరీగ పిల్ల తింటుంది. నేను కోసుకొచ్చిన మొగ్గల్లో సగానికి పైగా ఈగలు అప్పటికే ఓడిపోయాయి. ఆ విషయం నాకు సీసా చెప్పింది. చేలో నిలబడి ఎంతసేపు చూసినా తెలిసేది కాదు.

(సభలో ఒక రైతు: మరి మందు కొట్టమన్నారు కదా సార్, దుకాణంలో?)

అడగవలసిన మాటే అడిగారు పెద్దాయనా. మందు మొగ్గ పైన పడుతుంది. పురుగు ఎక్కడుంది? లోపల. పైన తిరిగేదెవరు? ఆ పచ్చ కందిరీగలు, తేనెటీగలు. కుళ్లు వాసన వచ్చాక కొడితే చచ్చేది మీ తరఫున పనిచేస్తున్నవాళ్లే. కొట్టక తప్పని పరిస్థితి వస్తే, గుడ్లు పెట్టే మొగ్గ దశలోనే, వ్యవసాయ అధికారితో మాట్లాడి కొట్టాలి. పూత మీదున్న పొద్దుతిరుగుడుకైతే మరీ జాగ్రత్త. దానికి తేనెటీగ రాకపోతే గింజ సరిగ్గా పట్టదు.

మొక్క మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటుందా? దోమల చుట్ట మీ అందరికీ తెలుసు. ఆ మందు కుటుంబానికి మూలం పైరెత్రమ్ అనే తెల్ల చామంతి. ఆ విషం ఆకుల్లో, వేళ్లలో పెద్దగా ఉండదు, ఎక్కువ భాగం తలలోనే, అందులోనూ గింజల చుట్టూ ఉంటుంది. ఎక్కడ దొంగతనం జరుగుతుందో అక్కడే కాపలా పెట్టుకుంది. పొద్దుతిరుగుడుది ఇంకో ఉపాయం. గింజ పెంకులో నల్లటి బొగ్గులాంటి గట్టి పొర ఒకటి పరుచుకుంటుంది. ఆ పొర త్వరగా గట్టిపడే రకాల గింజల్ని తొలిచే పురుగు పిల్లలు కొరకలేవు. రష్యాలో పొద్దుతిరుగుడు రకాలు తయారుచేసినవాళ్లు ఈ గుణాన్ని పట్టుకునే పురుగును ఎదుర్కొన్నారు. మన దేశంలో ఈ పంట విస్తరించింది కూడా 1969లో ఆ దేశం నుంచి వచ్చిన రకాలతోనే.

పురుగుకు తలంటే ఉన్న ఇష్టాన్ని మనమూ వాడుకుంటున్నాం. టమాటా వేసేవాళ్లు 16 వరసలకు ఒక వరస బంతి నాటడం చూసే ఉంటారు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి అది. శనగపచ్చ పురుగు తల్లికి టమాటా కన్నా బంతి మొగ్గ మీద గుడ్లు పెట్టడం ఇష్టం. అయితే బంతి నారు వయసు టమాటా నారు కన్నా ముదిరి ఉండాలి, లేకపోతే టమాటా పూతకొచ్చేసరికి బంతి మొగ్గ తొడగదు. ఇక్కడా ముహూర్తమే.

ఇప్పుడు నేను అసలు చెప్పాలని వచ్చిన సంగతి. చాలా ఏళ్లపాటు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు కూడా ఒక మాట అనుకునేవారు: మొక్క వేల గింజలు రాలుస్తుంది, మొలిచి బతికేది ఎటూ ఒకటో రెండో, కాబట్టి పురుగు నాలుగు గింజలు తింటే పోయేదేముంది? వినడానికి సబబుగానే ఉంటుంది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఇసుక దిబ్బల మీద పచ్చిక మైదానాలున్నాయి. అక్కడ ప్లాట్ థిసిల్ అనే ముళ్ల మొక్క ఉంది. మన కుసుమకు వరసకు చుట్టం. పాలమీగడ రంగు తల. కొన్నేళ్లు నేలను అంటుకుని ఆకుల గుత్తిలా ఉండి, ఒక్కసారి పూసి, చచ్చిపోతుంది. స్వాటా లౌడా అనే శాస్త్రజ్ఞురాలు 1980లలో ఆ మాటను పరీక్షకు పెట్టారు. కొన్ని మొక్కల తలల మీద పురుగుమందు కొట్టి పురుగుల్ని దూరంగా ఉంచారు, కొన్నిటి మీద ఉట్టి నీళ్లు. తర్వాత ఊరుకోలేదు. గింజలు లెక్కపెట్టారు, మొలకలు లెక్కపెట్టారు, ఆ మొలకలు పెరిగి పూసేదాకా కొన్నేళ్లు లెక్కపెట్టారు. పురుగు లేని మొక్కల చుట్టూ గింజలూ ఎక్కువే, మొలకలూ ఎక్కువే, చివరికి పూసే మొక్కలూ ఎక్కువే. అంటే ఆ దిబ్బల మీద వచ్చే ఏడు ఎన్ని మొక్కలుండాలన్నది తల లోపలి పురుగు నిర్ణయిస్తోంది. అదీ అక్కడే పుట్టి, ఆ మొక్కతో కలిసి తరతరాలుగా బతుకుతున్న పురుగు.

ఆ దిబ్బల మీదకే 1993లో కొత్త అతిథి వచ్చింది.

దాని కథ పాతికేళ్లు ముందు మొదలైంది. యూరప్ నుంచి వచ్చిన మస్క్ థిసిల్ అనే ముళ్ల మొక్క అమెరికా, కెనడాల పచ్చికబీళ్లను ఆక్రమించింది. పశువులకు మేత లేదు. దాని తలల్ని తినే ముక్కు పురుగు ఒకటి యూరప్‌లో ఉంది. పేరు రైనోసిల్లస్ కోనికస్. దాన్ని 1968లో కెనడాలో, మరుసటేడు అమెరికాలో వదిలారు. ఈ పురుగు గుడ్లు పెట్టే తీరు చూడవలసిందే. మొగ్గ కింది పొలుసు మీద గుడ్డు పెట్టి, మొక్కనే నమిలి ఆ పిప్పితో దానికి మూత వేస్తుంది. పైనుంచి చూస్తే లేత గోధుమరంగు పులిపిరిలా ఉంటుంది. ఒక్కో మొగ్గ మీద అలాంటివి ఎన్నో. పురుగు పిల్ల పొలుసులోంచి తిన్నగా పీఠంలోకి తొలుచుకుపోతుంది. పని బ్రహ్మాండంగా జరిగింది. చాలా చోట్ల మస్క్ థిసిల్ బాగా తగ్గింది, రైతులు సంతోషించారు. ఆ సంతోషం న్యాయమైనదే, నేను దాన్ని తక్కువ చేయను.

కానీ ముక్కు పురుగుకు కలుపు ఏదో, కానిదేదో ఎవరు చెబుతారు? అమెరికా సొంత థిసిల్ మొక్కల్ని కూడా అది తినగలదని వదలకముందు పరీక్షల్లోనే సూచనలు కనిపించాయి. అప్పట్లో థిసిల్ అంటేనే కలుపు అనే లెక్క, సొంత థిసిల్‌కు విలువ కట్టినవాళ్లు లేరు. లౌడా, ఆమె తోటివాళ్లు ఏళ్ల తరబడి ప్లాట్ థిసిల్ తలలు కోసి చూస్తూనే ఉన్నారు గనుక, కొత్త పురుగు అడుగు పెట్టిన ఏడాదే దొరికింది. తర్వాత ఏటేటా దాని సంఖ్య పెరిగింది, గింజలు పడిపోయాయి. ఆ తలల్లో పూర్వం నుంచి ఉంటున్న రంగురెక్కల ఈగ కూడా తగ్గిపోయింది. ఒక్కసారే పూసి చచ్చిపోయే మొక్కకు గింజే వారసత్వం, అది పోతే ఇంకేమీ లేదు. అందులోనూ ఈ మొక్క మొగ్గ తొడిగే కాలం ముక్కు పురుగు గుడ్లు పెట్టే కాలంతో సరిగ్గా కలిసింది. ఆలస్యంగా పూసే థిసిల్ మొక్కలు కొంత తప్పించుకున్నాయి. ఈ ఫలితాలు 1997లో సైన్స్ పత్రికలో వచ్చాయి. 2000లో అమెరికా ప్రభుత్వం ఆ పురుగును ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లే అనుమతుల్ని రద్దు చేసింది. అప్పటికే వదిలిన పురుగును మాత్రం వెనక్కి పిలిచే దారి లేదు.

అమెరికాలోనే మోంటానా రాష్ట్రంలో ఇంకో వింత జరిగింది. నాప్‌వీడ్ అనే కలుపు మీద వదిలిన ఈగలు దాని తలల్లో గట్టి గడ్డలు కట్టించి, చలికాలమంతా అందులో పురుగులుగా ఉంటాయి. అక్కడి అడవి ఎలుకలకు అవి చలికాలపు మేతగా దొరికాయి, ఎలుకలు పెరిగాయి, వాటితోపాటు మనుషులకు ప్రమాదకరమైన హాంటా వైరస్ మోసే ఎలుకలూ పెరిగాయని 2006లో తేలింది. కలుపు గింజలు తగ్గించడానికి తెచ్చిన ఈగ కథను ఎలుకల దాకా తీసుకెళ్లింది.

మన దగ్గర ఏం జరిగిందో కూడా చెప్పాలి. వయ్యారిభామ 1950లలో పుణె దగ్గర కనబడి, దేశమంతా పాకింది. చిన్న తెల్ల తల, ఒక్కో తలలో ఐదే గింజలు. తలలు వేలు గనుక గింజలూ వేలు. దాని గింజల్ని తలలోనే తినే మెక్సికో ముక్కు పురుగును ఆస్ట్రేలియా క్వీన్స్‌లాండ్‌లో 1980 నుంచి వదిలారు. మన బెంగళూరుకు 1983 ప్రాంతంలో ఆకులు తినే పెంకు పురుగు వచ్చింది, 1984లో బయట వదిలారు, వానాకాలంలో ఇప్పుడు ఇక్కడ కూడా కనిపిస్తుంది. తర్వాత కొన్నేళ్లకు అది పొద్దుతిరుగుడు ఆకుల్ని కొరికిందని పెద్ద గొడవైంది. వెతికితే పక్కనున్న వయ్యారిభామ పుప్పొడి గాలికి వచ్చి పొద్దుతిరుగుడు ఆకుల మీద పడటం, పురుగు ఆ వాసనకే మోసపోవడం కారణమని తేలింది.

అదే రోజుల్లో వయ్యారిభామ కాండంలో గడ్డలు కట్టించే ఒక రెక్కల పురుగును కూడా తెప్పించి పరీక్షించారు. అది వలిసెల మొక్క మీద కూడా తన జీవితచక్రం పూర్తి చేసుకోగలదని తేలింది. వెంటనే ఆ పురుగుల్ని మొత్తం నాశనం చేశారు, బయటికి పోనివ్వలేదు. అరకులో వలిసెల పూత చూసినప్పుడల్లా నాకు ఆ నిర్ణయం గుర్తొస్తుంది. ఎవరో ప్రయోగశాలలో ఒక కుండీలో వలిసెల మొక్కను కూడా పెట్టి చూశారు. ఎందుకు పెట్టారు? వలిసెలకు యజమాని ఉన్నాడు, అది గిరిజన రైతు పంట. ప్లాట్ థిసిల్‌కు యజమాని లేడు. నా బాధంతా అక్కడే. మన గట్ల మీద, గుట్టల మీద ఈ కుటుంబపు మొక్కలు ఎన్నో ఉన్నాయి, వాటి తలల్లో ఏ పురుగు ఉంటుందో తెలుగు నేల మీద కూర్చుని లెక్క రాసేవాళ్లు కావాలి. బ్రెజిల్‌లో లూవిన్‌సన్ అనే ఆచార్యుడు, ఆయన విద్యార్థులు కొండలెక్కి ఇలాంటి తలలు కోసి, డబ్బాల్లో వేసి, ఏం బయటికొస్తుందో చూస్తూ ఏళ్లు గడిపారు. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. డబ్బా, గుడ్డ, తేదీ రాసిన కాగితం ముక్క, ఓపిక.

(ఒక విద్యార్థిని: గడ్డి చామంతితో మొదలుపెట్టొచ్చా సార్?)

మొదలుపెట్టమ్మా. మీ కాలేజీ మైదానం నిండా అదే. విచ్చుకున్నవి వద్దు, రేకులు రాలి ఇంకా దూది విప్పని తలలు ఒక వంద కోయి. గుడ్డ గట్టిగా కట్టు, ఎండలో పెట్టకు, లోపల చెమ్మ పడితే బూజొస్తుంది, అడుగున కాగితం వేసి రెండు రోజులకోసారి మార్చు. వచ్చిన ప్రతి పురుగుకూ తేదీ రాయి. ఏమీ రాకపోయినా రాయి, అదీ లెక్కే.

సరే, ఈ సీసా విప్పుదాం. పొద్దున్న చూసినప్పుడు రెండు ఈగలు గుడ్డకు అంటుకుని ఉన్నాయి, రెక్కలు ఇంకా పూర్తిగా ఆరలేదు. అడుగున కాగితం మీద పచ్చగా మెరుస్తున్నవి కూడా కొన్ని కనిపించాయి. ముందు వరసవాళ్లు దగ్గరికి రండి, భూతద్దం ఒక్కటే ఉంది, ఒకరి తర్వాత ఒకరు చూడండి. పెద్దాయనా, మీరు ముందు రండి. ఆ బ్లేడు ఇలా ఇవ్వండి, ఈ మెత్తబడ్డ మొగ్గను నిలువుగా కోస్తాను.